ఇంకొక్క చుట్టు

కొండ మీది వాతావరణ కేంద్రం
జనవరి 12

వదినా,

ఈ కవరు నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు విప్పాలని పైన పెద్దక్షరాలతో రాశాను. అన్నయ్య పక్కనే ఉంటే గబుక్కున మూసేసి, "ఏం లేదండీ, మీ చెల్లెలు జలుబు మందు అడిగింది" అని చెప్పెయ్. ఫోన్‌లో చెబుదామంటే మీ ఇంట్లో తన చెవికి అందని మూల ఒక్కటీ లేదు. మా కొండ మీద సిగ్నల్ అంటావా, అది గాలి దయ. అందుకే వారానికోసారి కిందికి దిగే ఆఫీసు జీపుకి ఈ ఉత్తరం అప్పగిస్తున్నాను.

సంగతేమిటంటే, ఈ నెలాఖరుకి అన్నయ్య రిటైర్ అవుతున్నాడు కదా. లిఫ్టుల కంపెనీ వాళ్లు ఏ గోడగడియారమో చేతిలో పెట్టి చేతులు దులుపుకుంటారు. ఇంట్లోవాళ్లం మనం కూడా అలా ఊరుకుంటే ఎలా? కవర్లో నీలం కార్డు చూశావా? మీ ఊరి చివర, ఇటుక బట్టీలు దాటాక, ఒక గడ్డి మైదానంలో విమానం నడపడం నేర్పే చిన్న స్కూలు ఉంది. అక్కడ అన్నయ్యకి మొదటి పాఠం. అవును వదినా, విమానమే! కాకపోతే నువ్వు అనుకునే విమానం కాదు. మైక్రోలైట్ అంటారు. ఇద్దరు మనుషులు, మూడు చక్రాలు, నెత్తి మీద గుడ్డతో చేసిన పెద్ద రెక్క, వీపు వెనక పంకా. తలుపులు లేవు, కిటికీలు లేవు. ముందు సీట్లో శిష్యుడు, వెనక గురువు. పాఠం అంతా గాల్లోనే.

అన్నయ్య పిచ్చి నీకు నేను చెప్పాలా? బతుకంతా లిఫ్టులు బాగుచేస్తూ పైకీ కిందకీ తిరిగాడు గానీ, తిరిగింది నాలుగు గోడల మధ్యే. చిన్నప్పుడు భోజనానికి కూర్చుంటే, పైన ఏ మోత వినిపించినా కంచం వదిలేసి వాకిట్లోకి పరిగెత్తేవాడు. "ఆ విమానమేమైనా నీ మేనమామదట్రా?" అని అమ్మ తిట్టేది. నేను చూడు, రోజూ గాలి ఎంత వేగంగా ఉందో, మబ్బు ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాయడమే నా ఉద్యోగం. నేనూ ఇంతవరకూ పైకి వెళ్లింది లేదు. మన ఇంట్లో మొదట ఎక్కాల్సింది తనే.

ఫిబ్రవరి రెండో ఆదివారం పొద్దున్నే ఏదో ఒక వంక పెట్టి అక్కడికి తీసుకెళ్లు. అంతవరకూ నోరు జారకు. నీ నోటి మీద నాకు నమ్మకం తక్కువే, అయినా వేరే దిక్కు లేదు.

నీ ఆడపడుచు


జనవరి 21

మా ఇంటి అర్ధమొగుడికి,

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. ఉన్న పూర్తి మొగుడితోనే వేగలేకపోతుంటే, ఈ సగం మొగుడు కొండెక్కి కూర్చుని నా చేత కుట్రలు చేయిస్తోంది. కార్డు అందింది. నేను పనిచేసే కళ్లజోళ్ల షాపుకి పట్టుకుపోయి, నా సొరుగులో బుల్లి మరలు పోసే డబ్బాల కింద దాచాను. అక్కడ మీ అన్నయ్య చెయ్యి పెట్టరు. ఒకసారి పెట్టి, నేను రంగుల వారీగా సర్దుకున్న మరలన్నీ కలిపేసినందుకు నాలుగు రోజులు నాతో మాటలు పడ్డారు.

అయినా ఆయనకి అనుమానం వచ్చేసింది. "ఆ ఆదివారం ఏమిటి ప్రత్యేకం? నన్ను గుండె డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్తున్నావా?" అన్నారు. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. దాంతో పాపం రెండు రోజులుగా చక్కెర లేని టీ తాగి మొహం చిట్లించుకుంటున్నారు. ఉండనీ, మంచిదే.

నిజం చెప్పనా? నాకు భయంగా ఉంది. అటక మీది డబ్బా దించాలంటే స్టూలెక్కి కళ్లు మూసుకునే మనిషిని నేను. ఆయన గుడ్డ రెక్కకి వేలాడుతుంటే కింద నిలబడి చూడాలా? కానీ ఆయనకి ఈ భయాలు లేవు. పెళ్లైన కొత్తలో ఒకసారి భోజనం క్యారియర్ ఇవ్వడానికి ఆయన పని చేసే చోటికి వెళ్లాను. లిఫ్టు తిరిగే ఆ చీకటి గొయ్యిలోంచి, నడుముకి తాడు కట్టుకుని ఈల వేసుకుంటూ పైకి వచ్చారు. "ఇక్కడ గాలి భలే ఉంటుంది" అన్నారు. గ్రీజు వాసన తప్ప నాకేం తెలియలేదు. ఆ మనిషి గాల్లోకి వెళ్లాల్సిందే. నువ్వు మంచి పని చేశావు, మెచ్చుకుంటున్నాను. మళ్లీ మళ్లీ మెచ్చుకోమని అడక్కు.

మందులషాపులో జలుబు మందు కొని పంపిస్తున్నాను, అబద్ధం అబద్ధంలా ఉండకూడదని.

వదిన


ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మాయ్,

మీ జీపు రేపు పొద్దున్నే బయల్దేరుతుందట, అందుకే నాలుగు ముక్కలు. ఎగరడం, దిగడం అంతా క్షేమంగా జరిగింది. వాతావరణం నువ్వు చెప్పి చేయించినట్టే ఉంది, ఆకు కూడా కదల్లేదు. టీచరమ్మ చాలా మంచి మనిషి. ఎవరికీ ఎక్కడా చిన్న గీత కూడా పడలేదు. నాకు కాళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

మీ అన్నయ్య పక్కనే కూర్చుని, "బాగా జరిగిందని రాయి చాలు, ఇంకేం రాయకు" అంటున్నారు. కాబట్టి బాగా జరిగింది.

వదిన


కొండ మీద
ఫిబ్రవరి 17

వదినా వదినా,

కింద నిలబడి చూసినందుకే కాళ్లు వణికాయా? ఎగిరింది అన్నయ్య, వణికింది నువ్వు! ఇదెక్కడి కాపురమమ్మా!

నీ నాలుగు ముక్కల ఉత్తరం ఇక్కడ ఎన్నిసార్లు చదివి వినిపించానో తెలుసా? మా పెద్దాఫీసరు ఎప్పుడూ నవ్వని మనిషి, వాన పడినా ఎండ కాసినా ఆయన మొహంలో ఒకటే వాతావరణం. ఆయన కూడా "అరవై ఏళ్లకా! శభాష్" అన్నాడు. వంటాయన టీ గ్లాసు పైకెత్తి, "మీ అన్నగారు ఈసారి ఇటువైపు వస్తే మన డాబా మీద దిగమనండి, భోజనం పెడతాను" అన్నాడు. నాకైతే కాలు నేల మీద ఆనడం లేదు. పొద్దున గాలి కొలుస్తున్నప్పుడల్లా, ఈ గాలిలోనే కదా మా అన్నయ్య తిరిగింది అనుకుంటున్నాను.

తను ఎందుకు ఉత్తరం రాయలేదో నాకు తెలుసులే. సంతోషం ఎక్కువైతే అన్నయ్యకి నోరు పెగలదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా ఇంతే. ఒక్క మాటా మాట్లాడకుండా పోయి, ఇంట్లో ఉన్న గొళ్లేలన్నిటికీ నూనె వేసి వచ్చాడు.

ఇప్పుడు అసలు కబురు. ఊరుకోలేక స్కూలుకి ఫోన్ చేయించి రెండో పాఠం కూడా బుక్ చేశాను! మార్చి చివరి ఆదివారం. నాకు సెలవు కూడా దొరికింది. నేనూ వస్తున్నాను, నా కళ్లతో చూడాలి. ఈసారి దాచక్కర్లేదు, అన్నయ్యకి ఇప్పుడే చెప్పెయ్.

సంబరంతో,
నీ ఆడపడుచు


ఫిబ్రవరి 23

చెల్లీ,

ఎప్పుడూ అలా పిలవని దాన్ని ఇవాళ పిలిచానంటే ఏదో ఉందని నీకు అర్థమైపోయి ఉంటుంది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి వంటింటి తలుపు వేసుకుని చదివాను. ఇంక దాచి లాభం లేదు. ఆ రోజు ఎగిరింది మీ అన్నయ్య కాదు. నేను.

కంగారుపడకు, మొదటి నుంచీ చెప్తాను.

ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద బయల్దేరాం. ఆయన గుండె డాక్టరనే అనుకుంటున్నారు. ఇటుక బట్టీలు దాటుతుండగా చెట్ల మీదుగా ఒక పసుపుపచ్చ రెక్క లేచింది. స్కూటర్ ఆపేశారు. కాసేపు అటే చూసి, నా వైపు తిరిగి, "డాక్టరు కాదా?" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ మొహం నువ్వు చూసి ఉండాల్సింది. అరవై ఏళ్ల మనిషి కాదు ఆయన అప్పుడు.

మైదానంలోకి వెళ్లగానే ఆ బండి చుట్టూ తిరిగి ప్రతి తీగా తడిమి చూశారు. "మా లిఫ్టు తాడు ముందు ఇది దారప్పోగే. కానీ ఎంత పొందిగ్గా బిగించారో చూడు" అన్నారు. నేర్పే ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన క్రాపు, ఎండకి కమిలిన మొహం. అందరూ టీచరమ్మ అంటారు. "ముందు షెడ్డులోకి రండి సార్, బరువు చూడాలి" అంది.

తొంభై కిలోలు దాటితే ఎక్కించరట. మీ అన్నయ్య కాటా ఎక్కారు. ముల్లు తొంభై దాటింది, నూరు దాటింది, ఇంకాస్త పోయి ఆగింది. దిగి చెప్పులు విప్పి మళ్లీ ఎక్కారు. కోటు విప్పారు. తాళాలు, పర్సు తీశారు. చివరికి కళ్లజోడు కూడా తీసి నా చేతిలో పెట్టారు. ఆ కళ్లజోడు చేసింది నేనే, దాని బరువెంతో నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. అయినా తీసి ఇచ్చారు.

"మొహమాటపడి నేను ఎక్కించినా, రెక్కకి మొహమాటం ఉండదు సార్" అంది టీచరమ్మ, చాలా మెల్లగా. ఆ నీలం కార్డు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఈ సంగతి రాసే ఉంది. నువ్వూ చదవలేదు, నేనూ చదవలేదు. కళ్లజోళ్ల షాపు దానికి ఇంతకంటే అప్రతిష్ఠ ఉంటుందా?

ఆయన కళ్లజోడు పెట్టుకుని కాసేపు బయటికి చూశారు. తర్వాత, "పాఠం పాడుచేసుకోవడం ఎందుకు? మా ఆవిడ ఎక్కుతుంది" అన్నారు.

"మతి ఉండే మాట్లాడుతున్నారా? ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు, స్టూలెక్కలేని దాన్ని నేను!"

"స్టూలుకి రెక్క లేదు కాబట్టి భయం. దీనికుంది. ఎక్కు."

నన్ను వేళాకోళం చేస్తున్నారేమో అని చూశాను. లేదు. అప్పటికే నాకు హెల్మెట్ బిగిస్తున్నారు.

ఎలా ఎక్కానో గుర్తులేదు. ముందు నేను, నా వెనక టీచరమ్మ, ఆవిడ కాళ్లు నాకు అటూ ఇటూ. ఇంజిన్ వేసేసరికి ఒళ్లంతా జలదరించింది. గడ్డి మీద గతుకులు, గతుకులు, గతుకులు, ఉన్నట్టుండి గతుకుల్లేవు. అంతే, లేచిపోయాం. పైప్రాణాలు పైనే పోయాయంటారే, అలా పోయిన ప్రాణాలు పైన నాకోసం కాచుకుని ఉన్నాయేమో, అక్కడే మళ్లీ తగులుకున్నాయి. కళ్లు తెరిచాను.

ఎలా చెప్పను నీకు? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెయ్యి చాపినంత మేర మాత్రమే చూసే కళ్లు నావి. వాటికి ఒక్కసారిగా అంత దూరం ఎలా పట్టింది! ఇటుక బట్టీలు అగ్గిపెట్టెలు. కాలవ ఎవరో పారేసుకున్న రిబ్బను. పొలాల మీద మా నీడ, ఈగంత, మాతోపాటే పరిగెడుతోంది. చెంపలకి తగిలే చలి శుభ్రంగా ఉంది, కొత్త బట్టలా. నువ్వు రోజూ కింద నుంచి చూసి రాసే మబ్బు ఒకటి పక్కనే ఉంది, దానికి అంచు ఉంది అనుకుంటాం కదా, లేదే! మెల్లగా పలచబడి లేకుండా పోతుంది.

చెవిలో టీచరమ్మ గొంతు: "ఇప్పుడు ఆ కడ్డీ పట్టుకోండి. ముందుకు నెడితే ముక్కు లేస్తుంది, దగ్గరికి లాక్కుంటే దిగుతుంది." నేను ప్రాణాలన్నీ చేతుల్లో పెట్టి పట్టుకున్నాను. "అంత గట్టిగా వద్దమ్మా, పిట్టని పట్టుకున్నట్టు పట్టుకోండి" అంది. వేళ్లు సడలించాను. అప్పుడు తెలిసింది, రెక్క నాతో మాట్లాడుతోందని. కుడివైపుకి కడ్డీ జరిపితే ఎడమవైపుకి తిరుగుతుంది. బండి నడపడం వచ్చినవాళ్లు ఇక్కడే తికమకపడతారట. నాకు సైకిల్ కూడా రాదు కాబట్టి మరచిపోవాల్సిందేమీ లేకపోయింది. ఒక చుట్టు నేనే తిప్పాను! నేనే!

దిగాం. ఆయన కంచె పక్క నుంచి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చి, "ఎలా ఉంది?" అన్నారు. ఆయన అరవై ఏళ్లుగా కోరుకున్నది, అడక్కుండానే నా ఒళ్లో పడింది. ఏ మొహం పెట్టుకుని బాగుందని చెప్పను? "ఏముంది, చలి, మోత. పెద్దగా ఏం లేదు" అన్నాను.

"సరే" అన్నారు. అంతే. స్కూటర్ తీశారు. "చెల్లెలికి అప్పుడే చెప్పకు, కార్డు చదవలేదని బాధపడుతుంది" అన్నారు. అందుకే అప్పుడు నీకు ఆ నాలుగు ముక్కలే రాశాను.

అప్పటి నుంచీ మనిషి మనిషిలా లేరు. సగం తిని లేస్తున్నారు. సాయంత్రమైతే స్కూటర్ వేసుకుని ఎటో పోతున్నారు, అడిగితే "ఊరికే" అంటారు. నా మీద అలిగారు. ఆయన ఆకాశాన్ని నేను ఎత్తుకొచ్చేసినట్టు ఉంది. నీకు పుణ్యముంటుంది, ఆ రెండో పాఠం రద్దు చేయించు. ఆ మాట ఇంట్లో ఎత్తడం నా వల్ల కాదు.

వదిన


కొండ మీద
మార్చి 3

నా బంగారు వదినా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను, తర్వాత వెళ్లి మా పెద్దాఫీసరుకి "సార్, పొరపాటు, ఎగిరింది మా అన్నయ్య కాదు, మా వదిన" అని చెప్పాను. ఆయన ఈసారి పళ్లు కనపడేలా నవ్వాడు! ఇక్కడున్న ముగ్గురు ఆడవాళ్లం నీ ఉత్తరాన్ని చేతులు మార్చుకుని చదువుకున్నాం. "మబ్బుకి అంచు లేదు" అన్నావు చూడు, ఇన్నేళ్లుగా మబ్బుల్ని రాస్తున్నదాన్ని, ఆ మాట నాకు తట్టలేదు. నువ్వు అసలు ఎవరివి వదినా? ఇన్నాళ్లూ మా ఇంట్లో ఎక్కడ దాక్కున్నావు?

కార్డు వెనక చదవకపోవడం నా బుద్ధితక్కువ. వచ్చినప్పుడు నాకూ ఒక కళ్లజోడు చేసిపెట్టు. కానీ తిట్టాల్సిన చోట నిన్నూ తిడతాను, వినుకో.

అన్నయ్య అలిగే రకం కాదు. నాకు ఏడేళ్లప్పుడు మా ఊరికి సర్కస్ వచ్చింది. సరిగ్గా అప్పుడే తనకి గవదబిళ్లలు, చెంపలు బూరెల్లా వాచిపోయాయి. అమ్మ నన్నొక్కదాన్నే తీసుకెళ్లింది. వచ్చేసరికి గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. నోరు తెరవలేక పలక మీద రాసి అడుగుతున్నాడు: ఎన్ని ఏనుగులు? ఉయ్యాల తాడు ఏ రంగు? పడిపోబోయినవాణ్ణి ఎవరు పట్టుకున్నారు? నాకు తాడు రంగు గుర్తులేదంటే, "చూడ్డానికి వెళ్లి చూడకుండా వచ్చావా!" అని రాసి చూపించి పలక విసిరేశాడు. నేను వెళ్లానని కోపం కాదు వదినా, చూసొచ్చి సరిగ్గా చెప్పలేదని. తనది ఆకలి. కడుపు మాడుతున్నవాడు గుమ్మంలో నిలబడి "వంటేమిటి?" అంటే, "ఆ, పెద్దగా ఏం లేదు" అని గిన్నె మీద మూత పెట్టేశావు నువ్వు.

మూత తియ్యి. నాకు రాసిందంతా తనకి చెప్పు. ఒక్క ముక్క మిగల్చకుండా చెప్పు.

సాయంత్రాల సంగతా? ఒళ్లు తగ్గించుకోవడానికి ఎక్కడో నడుస్తూ ఉంటాడు. సగం తిండి కూడా అందుకే, పందెం కాస్తాను. పాఠం మాత్రం రద్దు చేయించను. కబురుపెట్టి నీ పేరు మీదికి మార్పించాను. కాటా నిన్ను ఏమీ అనదు.

నిన్ను చూసి గర్వపడుతున్న
ఆడపడుచు


మార్చి 11

తెలివైన అర్ధమొగుడా,

సగం సరిగ్గా చెప్పావు, సగం తప్పు. నడకా లేదు, గిడకా లేదు. పందెం ఓడిపోయావు. విను.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం ఆయన స్కూటర్ తాళాలు తీసుకుంటుంటే అడ్డం నిలబడ్డాను. "కూర్చోండి. ఆ రోజు పైన ఏమైందో చెప్పాలి" అన్నాను.

తాళాలు బల్ల మీద పెట్టి, "పెద్దగా ఏం లేదన్నావుగా" అన్నారు.

"అబద్ధం చెప్పాను."

"తెలుసు" అన్నారు. "దిగుదామా అని టీచరమ్మ అడిగితే, 'ఇంకొక్క చుట్టు, ఇంకొక్క చుట్టు' అని బతిమాలావటగా. పైన పాట కూడా పాడావట."

పాడిన సంగతి నీకు కూడా రాయలేదు నేను, సిగ్గేసి. ఆ ఇంజిన్ మోతలో ఎవరికీ వినపడదనుకున్నాను. హెల్మెట్లో మైకు ఉందని ఎవరికి గుర్తుంటుంది!

"మీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు? టీచరమ్మే. రోజూ సాయంత్రం అక్కడికే వెళ్తున్నాను. నువ్వు చెప్పట్లేదు, ఎవర్నో ఒకర్ని అడగాలిగా. ఆవిడ మంచిదే, ఒక మాట అంటే ఒకే ఒక మాట చెప్తుంది. రెండో మాట చెప్పించాలంటే మర్నాడు మళ్లీ వెళ్లాలి."

ఈయన నా మీద అలిగి తిండి మానేశారని నేను ఏడుస్తుంటే, ఈయనేమో నేను పైన ఏం చేశానో పక్కవాళ్లని అడిగి ముక్కలు ముక్కలుగా ఏరుకుంటున్నారు! తిండి సంగతి అడిగితే, అక్కడ షెడ్డు దగ్గర దొరికే బన్నులు తిని వస్తున్నారట. కాటా మాట దేవుడెరుగు.

"నేను బాధపడతానని చెప్పలేదు కదూ?" అన్నారు.

"ఊఁ."

"కాటా మీద కాస్త బాధపడ్డాను. నిజమే. నువ్వు లేచిపోయాక పడలేదు. నువ్వు దిగొచ్చి ఏం లేదన్నావు చూడు, అప్పుడు పడ్డాను. నేను పంపించింది ఏం లేనిదానికా అని."

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను. మాటలతో ఊరుకుంటారా? భోజనాల బల్ల దగ్గరి కుర్చీలు రెండూ తెచ్చి ఒకదాని వెనక ఒకటి వేశారు. కిటికీ కర్టెన్ కడ్డీ పీకి, కర్టెన్‌తో సహా నా చేతిలో పెట్టారు. తను వెనక కుర్చీలో కూర్చున్నారు. "ఊఁ, గడ్డి మీద ఉన్నాం. ఎంత ఊగింది? లేచినప్పుడు ముందు ఏం తగ్గింది, మోతా, ఊపా? కాలవ కుడివైపా, ఎడమవైపా? మబ్బుకి వాసన ఉందా?" నేను కుడివైపుకి జరిపితే ఆయన ఎడమవైపుకి ఒరుగుతున్నారు. ఎదురింటావిడ ఏదో అడగడానికి వచ్చి, మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండానే వెళ్లిపోయింది. పొయ్యి మీది కూర అడుగంటింది. ఇద్దరం కలిసి మాడిందే తిన్నాం. ఎన్నాళ్లకో కడుపు నిండా తిన్నారు.

చివర్లో అడిగాను, "ఎక్కువ బరువు మోసే విమానాలు వేరే ఎక్కడైనా ఉంటాయేమో కనుక్కోనా?" అని. "కనుక్కో. కానీ నీ రెండో పాఠం అయ్యాక" అన్నారు.

అమ్మాయ్, ఎగిరినందుకు నన్ను అందరూ మెచ్చుకుంటున్నారు. ఎగరడంలో ఏముంది? ఎక్కించారు, ఎగిరాను. తన చేతికందింది నా చేతిలో పెట్టి, నాకే హెల్మెట్ బిగించి, కంచె పక్కన నిలబడ్డారు చూడు, ఆ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశానని ఇప్పుడు తెలిసొస్తోంది. ఈ మాట ఆయనతో అనకు. నెత్తికెక్కుతారు.

త్వరగా రా. పక్క వేసి ఉంచుతాను. కర్టెన్ మాత్రం ఇంకా తగిలించలేదు, రోజూ పాఠాలు జరుగుతున్నాయి.

వదిన


కొండ మీద
ఏప్రిల్ 7

వదినా,

నిన్న సాయంత్రం చేరాను. దారంతా జీపు డ్రైవరుకి నీ కథే. ఘాట్ రోడ్డు మలుపుల దగ్గర "అమ్మా, కాసేపు ఆపండి, నేనూ గాల్లోకి పోతాను" అన్నాడు.

నీ రెండో పాఠం రోజు, నువ్వు పైన ఉన్నంతసేపూ కింద ఏం జరిగిందో నీకెవరూ చెప్పలేదు. అన్నయ్య ఛస్తే చెప్పడు. అందుకే రాస్తున్నాను.

నువ్వు నేల వదిలావు. నేను కేకలు పెట్టి చప్పట్లు కొట్టాను. తను కొట్టలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, లేని కడ్డీని పట్టుకుని నిలబడ్డాడు. నువ్వు అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు ఒరుగుతున్నాడు, చుట్టూ అంతమంది ఉన్నారన్న ధ్యాసే లేదు. "అమ్మో, వేగం తగ్గించింది. ఊఁ, సర్దుకుంది. చూశావా, ఎంత మెత్తగా తిప్పిందో చూశావా!" అని తనలో తనే గొణుక్కుంటున్నాడు. నాకు రెక్క తప్ప ఏం కనిపించడం లేదు వదినా. నిన్ను చూడాలా, తనని చూడాలా అని సతమతమైపోయాను.

దిగడానికి మలుపు తిరిగి, నువ్వు ఇంజిన్ మోత తగ్గించావు. అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. చక్రాలు గడ్డిని తాకి ఒక్కసారి ఎగిరి మళ్లీ ఆనే దాకా వదల్లేదు. ఎర్రగా వేళ్ల అచ్చులు పడ్డాయి. ఆ తర్వాత నువ్వు హెల్మెట్ తీస్తూ "ఏరీ ఈయన?" అన్నావు గుర్తుందా, "స్కూటర్ నీడలో పెట్టడానికి వెళ్లాడు" అన్నాను. స్కూటర్ నీడలోనే ఉంది. షెడ్డు వెనక్కి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు. వచ్చీరాగానే నీ హెల్మెట్ పట్టీ వదులుగా ఉందని తిట్టాడు కదా, ఆ తిట్టు వెనక ఇంత ఉంది.

ఇంకొకటి కూడా ఉంది. నువ్వు ఇంకా పైన ఉన్నప్పుడే. కంచె దగ్గర మా పక్కన ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు, కూతుర్ని చేర్పిద్దామని వచ్చాడట. నీ మలుపు చూసి, "ఎవరో బాగా చెయ్యి తిరిగినవాళ్లలా ఉన్నారు" అన్నాడు.

అంతే, మన అన్నయ్య మొదలుపెట్టాడు! రెండో పాఠమే అండీ అన్నాడు. ముందుకు నెడితే ఏమవుతుందో, దగ్గరికి లాక్కుంటే ఏమవుతుందో చెప్పాడు. కడ్డీని పిట్టని పట్టుకున్నట్టు పట్టుకోవాలన్నాడు. పైన చలి ఎలా ఉంటుందో, నీడ ఈగలా ఎలా వెంటపడుతుందో, మబ్బు దగ్గరికి పోతే దానికి అంచే ఉండదని, అన్నీ, అన్నీ చెప్పాడు. ఆ పెద్దమనిషి నోరెళ్లబెట్టుకుని విన్నాడు. అంతా విని చాలా గౌరవంగా, "తమరు పైలటా సార్?" అని అడిగాడు.

అన్నయ్య పైన నీ వైపు చూశాడు. తర్వాత కోటు సర్దుకుని, తన హోదా చెప్పుకుంటున్నట్టుగా అన్నాడు:

"కాదండీ. పైలట్ గారి భర్తని."

నీ
ఆడపడుచు